ఫిన్లాండ్‌లోని తాంపెరెలో ఉన్న అమ్ములుకి, టీ మీది ప్రేమ ఫిన్నిష్‌లో చెప్పడం గురించి

అమ్ములూ,

ఇష్టమైన పానీయం మీద ఫిన్నిష్ క్లాసులో ఐదు వాక్యాలు రాసుకురమ్మన్నారని, కాఫీ అని రాసేస్తే తేలిగ్గా అయిపోతుందని అన్నావు. అలా మాత్రం చెయ్యకు. నువ్వు బుద్ధెరిగి కాఫీ ముట్టింది లేదు. పొద్దున్నే యాలకుల టీ గొంతులో పడకపోతే నీకు తెల్లారదు. ప్రాణం పెట్టే దాని గురించి రాస్తేనే కొత్త భాష నోట్లో నిలుస్తుంది. ఇన్నేళ్ళుగా మా ఎస్పో ఊళ్ళో ఎంతమంది మనవాళ్ళు ఫిన్నిష్ మొదలుపెట్టి వదిలేశారో చూశాను. పుస్తకంలో ఉన్నదే చెప్పినవాళ్ళకి మాట ముందుకు సాగలేదు. తమ సంగతి చెప్పుకున్నవాళ్ళకి సాగింది.

ముందు పలకడం. నేను '్య' అని రాసినచోట 'బ్యాంకు'లో వినిపించే అచ్చు పలకాలి, యకారం వినపడకూడదు. '్యు' అన్నచోట 'ఈ' అంటూనే పెదాలు 'ఊ'కి చుట్టినట్టు చుట్టు. తకారం అచ్చంగా మన తకారమే. ఇంగ్లీషు అలవాటుకొద్దీ 'ట' అనకు. పొట్టి అచ్చు, పొడుగు అచ్చు, ఒత్తు తేడాలు మనకి పుట్టుకతోనే వచ్చు కాబట్టి అక్కడ ఏ ఇబ్బందీ ఉండదు. 'తులి' అంటే నిప్పు, 'తూలి' అంటే గాలి, 'తుల్లి' అంటే కస్టమ్స్. ఇంగ్లీషువాళ్ళు తికమకపడే చోట నువ్వు ధీమాగా ఉండొచ్చు.

ఇష్టం చెప్పడానికి నీకు మూడు మాటలు వినిపిస్తాయి. పుస్తకంలో 'పిద్యన్', బయట అందరి నోటా 'త్యుక్క్యాన్', ప్రేమించేంత ఉంటే 'రకస్తన్'. మొదటి రెంటికీ ఆ వస్తువు చివర 'స్త' చేరాలి. కాఫీ వాళ్ళకి 'కహ్వి', అందుకని 'త్యుక్క్యాన్ కహ్విస్త'. 'లోంచి' అన్న అర్థమిచ్చే విభక్తి అది. మనం 'నాకు టీ ఇష్టం' అంటాం కదా, ఆ అలవాటులో 'మినుల్లె', అంటే 'నాకు', అని మొదలుపెట్టకు. ఇక్కడ ఇష్టపడేది 'నేను'. ఆ నేను క్రియ చివరి 'న్'లోనే ఉంది, మన 'వచ్చాను'లో ఉన్నట్టు.

'రకస్తన్'కి వేరే విభక్తి కావాలి. దాన్ని పార్టిటివ్ అంటారు. 'రకస్తన్ కహ్వియ', 'రకస్తన్ తేత్య'. ఇంత అని కొలత చెప్పకుండా తాగేవాటికీ ఇదే, 'యువొన్ తేత్య' అంటే టీ తాగుతాను అని. కాఫీకి 'స్త' వస్తే టీకి 'తేస్త్య' అయిందేమిటి అనుకుంటావు. మనం 'అమ్మకు' అని, 'పులికి' అని అనడం లేదూ? మాటలో ఉన్న అచ్చులను బట్టి ప్రత్యయం మారుతుంది, అంతే.

పాల దగ్గర అందరూ తడబడతారు. పాలు 'మైతొ', పార్టిటివ్‌లో 'మైతొఅ', ఇష్టం చెప్పేటప్పుడు మాత్రం 'మైదొస్త'. తకారం దకారమైంది. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు అయినట్టే. బళ్ళో గసడదవాదేశం చదివిన నువ్వు దీనికి బెంబేలు పడాల్సిన పని లేదు. మంచినీళ్ళు 'వెసి' మాత్రం 'వెత్త్య', 'వెదెస్త్య' అవుతుంది, దాన్ని కంఠతా పట్టాల్సిందే.

హోంవర్కుకి ఇలా మొదలుపెట్టు. 'లెంపియువొమని ఒన్ తే', నాకిష్టమైన పానీయం టీ. 'లైతన్ తేహెన్ మైతొఅ య కర్దెముమ్మా', టీలో పాలు, యాలకులు వేస్తాను. వాళ్ళకి యాలకులు కొత్త కాదు, 'పుల్ల' అనే తీపి బన్నులో వేసుకుంటారు. కానీ టీలో వేస్తావంటే కచ్చితంగా ఇంకో ప్రశ్న అడుగుతారు, మాట అక్కడ అందుకో. తర్వాత కారణం చెప్పు. 'సె ల్యమ్మిత్త్యా', అది వెచ్చగా ఉంచుతుంది. 'సె ముఇస్తుత్తా మినుఅ కొదిస్త', అది నాకు ఇంటిని గుర్తుచేస్తుంది. ఇల్లు 'కొతి', అదే 'స్త' చేరి, అదే తకారం దకారమై 'కొదిస్త' అయింది. ఆఖరున 'రకస్తన్ తేత్య' అను. ఈ మాట ఒక్కసారే వాడు. ప్రతిదానికీ రకస్తన్ అంటే బరువు పోతుంది.

ఇక హోంవర్కు ఇచ్చేసి ఊరుకోకు, దాన్ని ఆఫీసులో కాఫీ గదికి తీసుకెళ్ళు. ఫిన్లాండ్‌లో మనిషికి ఏటా దాదాపు 10 కిలోల కాఫీ పొడి అవుతుంది, కాఫీ విరామం చాలా ఉద్యోగ ఒప్పందాల్లోనే రాసి ఉంటుంది. ఆ 'కహ్వితౌకొ'లో మాట కలపడం సులువు. ఎవరైనా 'మైస్తూకొ కహ్వి?' అంటే కాఫీ తాగుతావా అని. నువ్వు వద్దని చేతులూపి తప్పుకోకుండా 'ఎన్ యువొ కహ్వియ, ముత్త రకస్తన్ తేత్య' అని నిండుగా చెప్పు. కాఫీ తాగను గానీ టీ అంటే ప్రాణం. కాదనే మాటలోనూ పార్టిటివే వచ్చింది చూడు.

ఎవరింట్లోనైనా నీకోసం టీ పెడితే 'తే ఒన్ హ్యువ్యా' అని మెచ్చుకో. చివర సాగదియ్యాలి, 'హ్యువ్య' అని తుంచకూడదు. పోసుకునే వాటి రుచి చెప్పేటప్పుడు విశేషణానికీ పార్టిటివే పెడతారు. మజ్జిగ మీద బెంగ పుడితే కొట్లో 'పీమ్య' అని అడుగు. పులిసిన పాలు, మజ్జిగకి దగ్గరగా చిక్కగా ఉంటుంది, ఉప్పు మనమే వేసుకోవాలి. ప్రేమిస్తే 'రకస్తన్ పీమ్యా', ఇక్కడా చివరి అచ్చు సాగుతుంది, అంతే.

నువ్వు తడుముకోగానే ఎదుటివాళ్ళు మర్యాదకొద్దీ ఇంగ్లీషులోకి దిగుతారు. అప్పుడు సిగ్గుపడకుండా 'వొఇదాన్కొ పుహుఅ సుఒమెఅ?' అని అడుగు, ఫిన్నిష్‌లో మాట్లాడుకుందామా అని. క్లాసుకి వెళ్ళేలోపు ఐదు వాక్యాలూ చదివి వాయిస్ మెసేజ్ పెట్టు. 'ముఇస్తుత్తా'లో ఒత్తు సరిగ్గా పడిందో లేదో విని చెప్తాను.

మీ పిన్ని