సమాధానం: ‘ఫైర్’ సమీక్ష గొడవల చరిత్రలా తయారవుతోంది, ఏం చేయాలి?

దీపా మెహతా తీసిన ‘ఫైర్’ (1996) సినిమా గురించి రాయబోతే సమీక్ష కాస్తా 1998లో దాని మీద జరిగిన గొడవల చరిత్ర అయిపోతోందన్నారు కదండీ. థియేటర్ల మీద దాడులకు రెండు వాక్యాలు చాలు, అవీ చివర్లో. ముందు ప్రేమలో పడ్డ ఆ ఇంటి తోడికోడళ్లు రాధ, సీతల్ని చూడండి. పిక్నిక్‌లో అందరి ముందే సీత రాధ పాదాలు ఒత్తుతుంది. చూసేవాళ్లకు అది తోడికోడళ్ల ఆప్యాయత, వాళ్లిద్దరికీ ప్రేమ. ఆ క్షణం రాధగా నటించిన షబానా ఆజ్మీ ముఖంలో మీకేం కనిపించిందో, అక్కడి నుంచి మొదలుపెట్టండి. నాకైతే ఆ సీన్ తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

‘బోల్డ్’ అనే మాట మాత్రం తీసేయండి, దయచేసి. ప్రేమకథను ప్రేమకథ అనే రాయండి.

భర్తల నిర్లక్ష్యం వల్లే ఈ ప్రేమ పుట్టిందన్నట్టు కథ నడవడం నాకు నచ్చలేదు. మీకూ అలా అనిపిస్తే మొహమాటపడకుండా రాసేయండి.