‘దిల్ ఘబ్రారా’ అంటే డాక్టరుకు ఏమని చెప్పాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది ప్రొద్దుటూరు. తొమ్మిదేళ్లుగా కువైట్‌లో డ్రైవరు పని చేస్తున్నాను. అమ్మీకి 71 ఏళ్లు, షుగరు, బీపీ ఉన్నాయి. ఇంట్లో అంతా మా ఉర్దూనే, తెలుగు బజారులో బేరం వరకే వస్తుంది. మోకాళ్ల నొప్పులతో ఆసుపత్రి మెట్లు ఎక్కలేదని పోయిన నెల ఫోన్లో వీడియో పెట్టి డాక్టరుకు చూపించాం. పదో తరగతి చదివే మా అక్క కొడుకు పక్కన కూర్చుని తెలుగులో చెప్పినాడు. ఐదు నిమిషాల్లో అయిపోయింది, టెన్షన్ తగ్గేదానికి మాత్రలు రాసినారు. అవి వేసుకున్నా ఇప్పటికీ ‘దిల్ ఘబ్రారా, దిల్ ఘబ్రారా’ (మాటకు మాట చెబితే ‘గుండె కంగారు పడుతోంది’) అంటానే ఉంది. మా అమ్మీలాంటి వాళ్లకు ఫోన్ వైద్యం పనికిరాదా?

జవాబు: ఫోన్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ అక్కకు ఇప్పుడే ఫోన్ చేసి, ఈరోజే, కాకపోతే రేపు పొద్దున్నే, అమ్మీని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించమనండి. ప్రొద్దుటూరులోనే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది కాబట్టి కడపదాకా పోనక్కర్లేదు. ఈలోగా ఆమెకు చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, ఛాతీలో గానీ దవడలో గానీ ఎడమ చేతిలో గానీ బరువుగా అనిపించినా ఎవరినీ అడగకుండా 108కి చేయండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీ మేనల్లుడు ఆ మాటను ‘టెన్షన్‌గా ఉందంట’ అని చెప్పి ఉంటాడు, పాపం పిల్లాడి తప్పేం లేదు, వాడికి తెలిసిన తెలుగు అదే. కానీ మీ ఇళ్లలో పెద్దవాళ్లు దిల్ ఘబ్రారా అన్నప్పుడు అది భయమే కానక్కర్లేదు. గుండె దడదడ కొట్టుకోవడం కావచ్చు, ఛాతీలో ఏదో తెలియని ఇబ్బంది కావచ్చు, షుగరు పడిపోయి ఒళ్లు వణకడం కావచ్చు. చాలా ఏళ్లుగా షుగరు ఉన్నవాళ్లకు, అందులోనూ ఆడవాళ్లకు, గుండెకు ఏదైనా జరిగినా పెద్దగా నొప్పి తెలియకుండా నీరసం, ఆయాసం, ఈ ఘబ్రాహట్ మాత్రమే ఉండొచ్చు. అందుకే ఆ మాటను తెలుగులోకి మార్చకుండా ఉన్నది ఉన్నట్టు డాక్టరుకు వినిపించండి. ఎప్పుడు మొదలవుతుంది, నడిస్తే ఎక్కువవుతుందా, కూర్చుంటే తగ్గుతుందా, అన్నం తినకముందా తిన్నాకా, అనేవి తర్వాత ఒక్కొక్కటే చెప్పొచ్చు.

ఇక ఫోన్ వైద్యం. పనికొస్తుంది, చాలా బాగా పనికొస్తుంది, కాకపోతే ఫోన్ దగ్గర మాట్లాడాల్సింది అమ్మీ. నేను వారంలో రెండు రోజులు ఇలా వీడియోలో చూస్తాను. పెద్దావిడ కెమెరాకు ఒక మూల కూర్చుని ఉంటుంది, మాటలన్నీ కొడుకో మనవడో మాట్లాడతారు, ఆమె తల ఊపుతుంది. నేను వచ్చీరాని ఉర్దూలో ‘అమ్మా, ఆప్ బోలో’ అన్నాక గానీ అసలు సంగతి బయటకు రాదు. ఒకావిడ మూడు సార్లు వీడియోలో వచ్చి మూడు సార్లూ కాళ్ల నొప్పులనే చెప్పింది. నాలుగోసారి కోడలు పక్కన కూర్చుంది, అప్పుడు చెప్పింది, దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోతోందని, అందుకే నీళ్లు తాగడం మానేసి, నమాజుకు కూర్చోవడానికి కూడా సంకోచపడుతున్నానని. పదిహేనేళ్ల మనవడు ఫోన్ పట్టుకుని ఉంటే ఆ మాట ఏ నానీ నోటి నుంచి వస్తుంది? అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఆ మూడు సార్లు నేనూ పిల్లాణ్ణి బయటకు పొమ్మని అడగలేదు.

కాబట్టి ఈసారి మీ అక్కనే పక్కన కూర్చోమనండి. మేనల్లుడు ఫోన్ కలిపి ఇచ్చి బయటకు పోవచ్చు. మొదటి రెండు నిమిషాలు అమ్మీని తన భాషలోనే చెప్పనివ్వమని, ఉర్దూ వచ్చే డాక్టరు గానీ నర్సు గానీ ఉంటే లైన్లోకి తీసుకోమని అడగండి. మొహమాటపడాల్సిన పని లేదు. 2022లో మన రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాషగా చేస్తూ చట్టం కూడా వచ్చింది, మన కడప జిల్లాలో ఉర్దూ తెలిసిన వైద్య సిబ్బంది దొరకడం అంత కష్టమేం కాదు. కిటికీ వెనకాల కాకుండా ముందుండేలా కూర్చోబెడితే ముఖం, పెదాల రంగు కనిపిస్తాయి. చెవులు సరిగా వినపడకపోతే స్పీకరు బదులు ఇయర్‌ఫోన్ పెట్టండి. వాడుతున్న మాత్రల షీట్లన్నీ, ఆ టెన్షన్ మాత్రలతో సహా, ఒక కవరులో వేసి కెమెరాకు చూపించాలి. వాటిలో మత్తు కలిగించేవి ఉంటే ఈ వయసులో రాత్రి లేచినప్పుడు తూలి పడే ప్రమాదం ఉంది, అలాగని అడగకుండా ఆపేయొద్దు. బీపీ చూసే ముందు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టండి.

ఇంకొక్కటి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. అమ్మీ రంజాన్‌లో రోజాలు ఉంటుందనుకుంటాను. షుగరు మాత్రల వేళలు, మోతాదు సహెరీకి (తెల్లవారుజామున తినేదానికి), ఇఫ్తార్‌కు తగ్గట్టు మార్చాలి, అసలు ఉపవాసం ఉండొచ్చా లేదా అన్నది కూడా చూడాలి. నెలన్నర రెండు నెలల ముందే ఒక వీడియో కాల్ దీనికోసమే పెట్టుకోండి. ఈ సంగతి డాక్టరు అడక్కపోతే మీరే ఎత్తండి, చాలామంది తిడతారేమోనని దాచిపెట్టి, రోజాలో షుగరు పడిపోయి ఆసుపత్రికి వస్తున్నారు.

ప్రశ్న: మాది గుంతకల్లు దగ్గర సుగాలి తండా. అమ్మానాన్న బెంగళూరులో కూలికి ఉన్నారు, నేను మా అవ్వ దగ్గర ఉండి చదువుకుంటున్నా. అవ్వకు గోర్ బోలి (మా లంబాడీ భాష) తప్ప సరిగా రాదు. ఫోన్లో డాక్టరు అంటే ఓటీపీ అడుగుతున్నారు, ఆధార్‌కు ఉన్న నంబరేమో నాన్న దగ్గర ఉంది. తండాలో సిగ్నల్ కూడా లేదు. ఏం చేయాలి?

జవాబు: ఇంటి నుంచి ప్రయత్నించడం వదిలేయమ్మా. అవ్వను మీ ఊరి హెల్త్ క్లినిక్‌కు తీసుకెళ్లు. ప్రభుత్వ ఫోన్ వైద్యం ఈ-సంజీవనిలో రెండు దారులున్నాయి, ఒకటి మనమే ఫోన్లో చేసుకునేది, రెండోది క్లినిక్‌లో ఉన్న నర్సు తన లాగిన్‌తో పెద్ద డాక్టరును వీడియోలో కలిపేది. ఈ రెండో పద్ధతి 2019 నవంబరులో దేశంలో మొదట మొదలైంది మన ఆంధ్రలోనే. అవ్వకు స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, డబ్బులూ కట్టక్కర్లేదు. పైగా అక్కడ నర్సు బీపీ, షుగరు చూసి చెబుతుంది కాబట్టి డాక్టరు గుడ్డిగా మందులు రాయాల్సిన అవసరం ఉండదు. నంబరు అడిగితే నీదో ఆశా అక్కదో ఇవ్వు. ఆభా నంబరు (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు) లేదని ఎవరైనా వెనక్కి పంపితే, అది ఎవరి ఇష్టం వాళ్లదని, తప్పనిసరి కాదని చెప్పు.

భాషకు నువ్వున్నావు, చాలా సంతోషం. అయినా ఆడవాళ్ల సమస్య ఏదైనా ఉంటే తండాలో అవ్వ వయసుకు దగ్గరగా ఉన్న ఒకామెను తోడు తీసుకెళ్లు, మనవరాలి ముందు కూడా కొన్ని చెప్పరు. నడవలేకపోతే 104 బండి (ఊరూరా తిరిగే వైద్య వాహనం) ఊరికి ఏ రోజు వస్తుందో ఏఎన్ఎంను అడిగి పెట్టుకో. కంటిపొర, కాలిమీద మానని పుండు, కొత్తగా వచ్చిన గడ్డ, ఇవి వీడియోలో తేలవు, నేరుగా చూపించాల్సిందే.

ప్రశ్న: ఫోన్లో మాట్లాడేది నిజంగా డాక్టరేనా అని ఎలా తెలుస్తుంది? (కర్నూలు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ నియమాల ప్రకారం ఆ నంబరు ప్రిస్క్రిప్షన్ మీద ఉండి తీరాలి. అది చెప్పడానికి తటపటాయించినా, మీ బ్యాంకు ఓటీపీ అడిగినా ఫోన్ పెట్టేయండి. అమ్మానాన్నలు ఒంటరిగా ఉంటే పెద్దల హెల్ప్‌లైన్ 14567 నంబరును పెద్ద అక్షరాల్లో రాసి గోడకు అంటించి రండి.