ద్రాక్షతోటల ఊరికి అప్పు చేసి వెళ్లాలా?

ప్రశ్న: వచ్చే ఏడాది సెప్టెంబరుకు మా పెళ్లయి పాతికేళ్లు. ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటల మధ్య ఉన్న సేంట్ ఎమిలియన్ అనే పాత ఊరు చూడాలని మావారి కోరిక. పారిస్‌తో కలిపి పది రోజులకు ఆరు లక్షలవుతుందని లెక్క వేశాం. అందులో నాలుగు రాత్రులు ఆ ఊళ్లోనే బస. చేతిలో రెండున్నర లక్షలున్నాయి, ఇంకా 14 నెలల సమయం ఉంది. మిగతాదానికి పర్సనల్ లోన్ తీసుకోవాలా, అమ్మాయి చదువుకు దాచిన డిపాజిట్ తీయాలా? అక్కడి వైన్ సీసాలు కొని పదేళ్లు దాచి అమ్మితే లాభమని కూడా మావారు అంటున్నారు.
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అప్పూ వద్దు, డిపాజిట్ జోలికీ పోవద్దు. ప్రయాణం మాత్రం మానకండి. మూడున్నర లక్షలు 14 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే వడ్డీయే 80 వేలు దాటుతుంది. పెళ్లిరోజు పండుగకు మూడేళ్లు వాయిదాలు కట్టడం నాకు నచ్చని పని.

మీ లెక్కలో బరువంతా ఆ నాలుగు రాత్రుల దగ్గరే ఉంది. ఆ ఊరు చూడడం ఖరీదు కాదు, అక్కడ పడుకోవడం ఖరీదు. బోర్డో నగరంలో బస చేయండి. అక్కడి నుంచి రైలులో సుమారు 40 నిమిషాలు. స్టేషను నుంచి ఊళ్లోకి ద్రాక్షతోటల పక్కగా కిలోమీటరున్నర నడక. దానికి టికెట్ లేదు. యునెస్కో 1999లో ఊరితోపాటు చుట్టూ ఉన్న ఈ తోటలను కూడా వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకే సున్నపురాతిని తొలిచి చేసిన భూగర్భ చర్చికి మాత్రం గైడుతోనే వెళ్లాలి, ముందే బుక్ చేసుకోండి. రాళ్లు పరిచిన సందులు బాగా నిటారుగా ఉంటాయి. మీ మోకాళ్ల సంగతి రాయలేదు కానీ, మంచి బూట్లకు డబ్బు వెనకాడకండి. సెప్టెంబరు ద్రాక్ష కోతల కాలం కాబట్టి గదులు కూడా ముందే చూసుకోవాలి.

ఇలా చేస్తే ఖర్చు ఐదు లక్షలకు దిగుతుందని నా అంచనా. నెలకు 18 వేల చొప్పున 14 నెలలు రికరింగ్ డిపాజిట్ కడితే మిగిలిన రెండున్నర లక్షలు చేతికొస్తాయి. ఇంత తక్కువ గడువుకు షేర్ల ఫండ్లు పనికిరావు. యూరో పెరిగితే తట్టుకోవడానికి మరో 40 వేలు పక్కన ఉంచుకోండి. ప్యాకేజీ టూరుపై ముందుగానే వసూలు చేసే పన్ను టీసీఎస్‌ను ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, కానీ బుకింగ్ నాటికి ఆ సొమ్ము చేతిలో ఉండాలి. అక్కడ కార్డు యంత్రం రూపాయలా, యూరోలా అని అడిగితే యూరోలే ఎంచుకోండి.

ఇక సీసాల వ్యాపారం. మనిషికి రెండు లీటర్ల వరకే సుంకం లేకుండా తెచ్చుకోనిస్తారు. పదేళ్లు నిలవాలంటే ఏడాది పొడవునా 12, 13 డిగ్రీల చల్లదనం కావాలి. మే నెలలో మీ ఇంటి అటక మీద ఆ వైన్ పులుసైపోతుంది. పైగా లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం నేరం. మీవారిని అక్కడే ఒక గ్లాసు తాగి రమ్మనండి.