గోడ లాగుడు లెక్క ఎక్కడ తప్పింది?

ప్రశ్న: బీటెక్ సివిల్ చదువుతున్నానండి. ల్యాబ్‌లో 25 మిల్లీమీటర్ల నునుపు పైపులో నీళ్లు సెకనుకు 2 మీటర్ల సగటు వేగంతో పోతున్నాయి. 2 మీటర్ల దూరంలో ఉన్న రెండు ట్యాపింగ్‌ల (పీడనం కొలిచే రంధ్రాల) మధ్య పాదరసం మానోమీటర్‌లో 28 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. స్నిగ్ధతను (నీటి చిక్కదనాన్ని) 8తో, వేగంతో గుణించి వ్యాసంతో భాగిస్తే వాల్ షియర్ స్ట్రెస్, అంటే పైపు గోడ ప్రతి చదరపు మీటరుకు నీళ్లను వెనక్కి లాగే బలం, 0.64 పాస్కల్ అయింది. మా సార్ ఎర్ర ఇంకుతో కొట్టేశారు. ఎందుకు?
– ఓ విద్యార్థిని, కాకినాడ

జవాబు: నా రికార్డులోనూ ఒకప్పుడు ఇదే కొట్టేశారమ్మా. ఆ సూత్రం నీళ్లు పొరలు పొరలుగా జారేటప్పటిది. రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం పొరలుగా పోతుందా, సుడులు తిరుగుతుందా చెప్పే అంకె) సుమారు 2,000 దాటితే దాని పని అయిపోయినట్టే. నీది 50,000!

మానోమీటర్ చెప్పింది నమ్ము. 28ని 12.6తో గుణించాలి, 13.6తో కాదు. పాదరసం నీళ్లకంటే 13.6 రెట్లు బరువు, కానీ దాని మీద నీళ్లున్నాయి కదా, ఒకటి తీసెయ్యాలి. సగం క్లాసు బోల్తాపడేది ఇక్కడే. 353 మిల్లీమీటర్ల నీటిమట్టం, అంటే దాదాపు 3,460 పాస్కల్స్. ఇప్పుడు పైపులోని ఆ 2 మీటర్ల నీటి కడ్డీని ఊహించుకో. వెనకనుంచి పీడనం నెడుతోంది, చుట్టూ గోడ పట్టి లాగుతోంది. వేగం మారట్లేదు కాబట్టి రెండూ సమానం. పీడన తేడాను వ్యాసంతో గుణించి, పొడవుకు నాలుగు రెట్లతో భాగించు: 10.8 పాస్కల్స్. ప్రవాహం నెమ్మదిదా, సుడులదా అని ఈ లెక్క అడగదు.

సరిచూసుకోవాలంటే నునుపు పైపులో సుడుల ప్రవాహానికి బ్లాసియస్ సూత్రం ఉంది. 0.316ని 50,000 నాలుగో మూలంతో, అంటే 14.95తో భాగిస్తే ఘర్షణ గుణకం 0.0211. దాన్ని సాంద్రతతో, వేగం వర్గంతో గుణించి 8తో భాగిస్తే 10.6. దగ్గరగానే వచ్చింది. కొన్ని పుస్తకాల్లో ఇందులో నాలుగో వంతునే గుణకం అంటారు, దాన్ని ఫ్యానింగ్ గుణకమంటారు. అది వాడితే 2తో భాగించాలి. టేబుల్ ఎవరిదో చూడకుండా లెక్క మొదలెట్టకు.

నీ 0.64కీ ఈ 10.8కీ ఇంత తేడా ఎందుకంటావా? సుడులు మధ్యలోని జోరు నీళ్లను గోడ దాకా తెచ్చి పడేస్తాయి. స్నిగ్ధతదే రాజ్యంగా ఉండే పొర నీ పైపులో 0.05 మిల్లీమీటర్లే, సన్నటి తలవెంట్రుకంత. ఆ కాస్తలోనే వేగం సున్నా నుంచి సెకనుకు అర మీటరు దాకా ఎగబాకాలి.

మళ్లీ రీడింగ్ తీసుకునేముందు మానోమీటర్ గొట్టాల్లో గాలిబుడగలు పూర్తిగా పోయాయో లేదో చూసుకో.