కుస్కోలో నాలుగేళ్ల బాబుకి ఎత్తు పడుతుందా?

పెరూ రాజధాని లీమా నుంచి విమానంలో కుస్కో నగరానికి వెళ్లి, మూడు రోజులు అక్కడే ఉండి తర్వాత కొండ మీది పాత రాతి నగరం మచు పిచ్చు చూద్దామనుకుంటున్నాం, నాలుగేళ్ల బాబుకి ఆ ఎత్తు పడుతుందా అని అడిగారు కదండీ. ముందు ఆ వరస తిరగేయండి. కుస్కో దాదాపు 3,400 మీటర్ల ఎత్తు, మచు పిచ్చు 2,430 మాత్రమే. విమానం దిగగానే కారు మాట్లాడుకుని, 2,800 మీటర్ల దగ్గరున్న ఊరు ఒయాంతాయ్‌తాంబోకి వెళ్లిపోండి. ఒకటి రెండు రాత్రులు అక్కడ పడుకుని, అక్కడి నుంచే రైలెక్కి మచు పిచ్చు చూసి రండి. కుస్కో చివర్లో పెట్టుకుంటే అప్పటికి ఒళ్లు అలవాటు పడుతుంది.

ఆ వయసు పిల్లలు తలనొప్పి అని సరిగ్గా చెప్పలేరు. ఊరికే ఏడుస్తున్నా, తిండి వద్దన్నా, వాంతులైనా ఇంకా పైకి తీసుకెళ్లకండి. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా కిందికి దిగిపోండి. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి వేసే మాత్రలు బయల్దేరే ముందే పిల్లల డాక్టర్ని అడగనిదే వేయొద్దు.

తిండికి బెంగ అక్కర్లేదు, అన్నం, కోడి సూప్, బంగాళాదుంపలు ఎక్కడైనా దొరుకుతాయి. రాళ్ల వీధుల్లో, మెట్ల మీద స్ట్రోలర్ నడవదు, వీపుకి తగిలించుకునే క్యారియర్ కొనండి. కుస్కో పక్కనే ఉన్న సక్సాయ్‌వామన్ కోట ఎదురుగా నున్నటి రాతి జారుడుబండలున్నాయి, బాబుని తప్పకుండా తీసుకెళ్లండి. కాకపోతే అది 3,700 మీటర్లు, ఆఖరి రోజే వెళ్లండి.