‘అయ్యా!’ అన్న పిలుపు దగ్గర ఆగినప్పుడు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాలకొల్లులో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నారు. గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ కథను విమర్శనాత్మకంగా విశ్లేషించమంటే ఆరు పేజీలు రాసి ఇచ్చారు. మీ మేడమ్‌గారు ‘కథ నాకు తెలుసమ్మా, నువ్వు గమనించింది రాయి’ అని తిప్పి ఇచ్చేశారు. విమర్శ అంటే తప్పులు పట్టడమా, గురజాడ అంతటివారిలో తప్పు వెతకడానికి నేనెంతదాన్ని, పద్యాలకు కూడా ఇదే పద్ధతా అని అడిగారు. శుక్రవారం మళ్లీ ఇవ్వాలి.

సరిగ్గా ఈ కథ మీద రాసిన నా మొదటి పత్రం కూడా ఇలాగే తిరిగివచ్చింది. అందుకే వెంటనే జవాబు రాస్తున్నాను.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. రాజమండ్రిలో హాస్టల్లో ఉండి బీఏ చదివాను. ఇంటర్ వరకు తెలుగంటే నాకు కవి పరిచయం, సారాంశం, సందర్భ సహిత వ్యాఖ్య. ఆ మూడూ వస్తే మంచి మార్కులు వచ్చేవి. ఆ అలవాటుతోనే ఎనిమిది పేజీలు నింపాను. ‘రచయిత ఈ కథను అత్యద్భుతంగా చిత్రించారు’, ‘పాత్రలు కళ్లకు కట్టినట్లున్నాయి’ వంటి వాక్యాలు పేజీకి నాలుగైదు. మా మాస్టారు ఆ ఎనిమిది పేజీల్లో ఒకే ఒక్క వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, పక్కన ‘ఇక్కడ మొదలుపెట్టు’ అని రాసి ఇచ్చారు.

ఆ వాక్యం ఇది: ‘కమలిని ఉత్తరంలో భర్తను అయ్యా అని సంబోధించింది. మా అమ్మకు కోపం వచ్చినా ఇలాగే మర్యాద పెరుగుతుంది.’

కథ చదవనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. గోపాలరావు సానిమేళం (వేశ్యల ఆటపాటలు) చూసి అర్ధరాత్రి దాటాక ఇంటికి వస్తాడు. భార్య కమలిని కనబడదు, ఆమె రాసిన ఉత్తరం కనబడుతుంది. పుట్టింటికి వెళ్లిపోతున్నానని అందులో ఉంటుంది. అతను కంగారుపడి, పశ్చాత్తాపపడి, నౌకరుతో మొర పెట్టుకున్నాక మంచం కింద నుంచి ఆమె నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి. 1910లో ‘ఆంధ్రభారతి’లో అచ్చయిన కథ ఇది.

ఇక మా ఇంటి సంగతి. అమ్మ నాన్నగారిని మామూలు రోజుల్లో ‘ఏమండీ’ అని పిలుస్తుంది. కొబ్బరి దింపు డబ్బు తనకు చెప్పకుండా ఎవరికో చేబదులిచ్చారని తెలిసిన రోజున ‘తమరు భోజనానికి దయచేయండి’ అంటుంది. ఆ మాట వినబడితే చాలు, మేము పుస్తకాలు తీసుకుని మాట్లాడకుండా పెరటి అరుగు మీదికి వెళ్లిపోయేవాళ్లం. మర్యాద ఎంత పెరిగితే మనిషి అంత దూరం జరిగినట్టు. మన గోదావరి జిల్లాల్లో పుట్టిన ఎవరికైనా ఇది ఒకరు నేర్పాల్సిన విషయం కాదు. అందుకే ఆ ఉత్తరంలో మొదటి మాట దగ్గర నా కళ్లు ఆగాయి. అయితే అలా ఆగడమే చదవడమని అప్పటికి నాకు తెలియదు. పేజీ నిండడం లేదని చివర చేర్చిన వాక్యం అది.

పత్రం పట్టుకుని మాస్టారి గదికి వెళ్లాను. ‘మీ అమ్మగారు నీకు తలుపు చూపించారు. లోపలికి వెళ్లాక మాత్రం కథలో ఉన్నదే చూపించాలి’ అన్నారు. ఆ రోజు నాకు ఇది పూర్తిగా అర్థం కాలేదు. ఇప్పుడు మీకు నేను చెప్పదలుచుకున్నదంతా ఇందులోనే ఉంది. మీ అనుభవం వల్ల మీకొక మాట తగులుతుంది. ఆ తగలడం నిజం, దాన్ని పోగొట్టుకోవద్దు. కానీ అది రుజువు కాదు. మా అమ్మ ఎలా పిలుస్తుందన్నది కమలిని గురించి ఏమీ నిరూపించదు. కమలిని పిలుపులో దూరం ఉందని కథే చెప్పాలి.

వెతికితే కథ చెప్పింది. ‘ప్రియా’ అనాల్సిన చోట ‘అయ్యా’ అని ఉందేమిటని గోపాలరావే ఉలిక్కిపడతాడు. పక్కనున్న నౌకరు ఆ ‘ప్రియా’ను మరొకటిగా వింటాడు. నవ్వు కోసం పెట్టిన ముక్క అనుకుని మొదటిసారి నేను దాటేశాను. రెండోసారి చూస్తే, ఒక మాట మారిందన్న సంగతి పాఠకుల దృష్టి నుంచి జారిపోకుండా రచయిత అక్కడ మనల్ని ఆపుతున్నారు. తర్వాత ఉత్తరంలోని వాక్యాలు ఒక్కొక్కటే చూశాను. సభలకు వెళ్తున్నామన్నారు, నిజం స్నేహితురాళ్ల వల్ల తెలిసింది, నేను ఇంట్లో ఉండబట్టే కదా మీరు అబద్ధాలాడాల్సి వచ్చింది అనే ధోరణిలో సాగుతుంది అది. ప్రతి వాక్యమూ పైకి తన తప్పే ఒప్పుకుంటున్నట్టు ఉంటుంది, లోపల నేరం మోపుతుంది. ‘అయ్యా’లో మొదలైన పద్ధతే ఉత్తరమంతా నడిచింది.

అక్కడి నుంచి ఇంకో అడుగు పడింది. హాస్టల్లో దీపాలు ఆర్పేశాక మంచం మీద పడుకుని ఆలోచిస్తుంటే తట్టింది: ఆమె మొదటి నుంచీ ఆ గదిలోనే ఉంది కదా! అంటే గోపాలరావు చీకట్లో తనలో తాను అనుకున్నాననుకున్న ప్రతి మాటా ఆమె వింటూనే ఉంది. మొదటిసారి చదివినప్పుడు మనం అతని పక్కన నిలబడి వెతుకుతాం. రెండోసారి చదివితే మంచం కింద ఆమె పక్కన కూర్చుని వింటాం. అదే అచ్చు, అవే వాక్యాలు, కథ వేరు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పుస్తకం నాతో మొదటిసారి మాట్లాడినట్టనిపించింది.

గైడులో ‘చివరికి గోపాలరావు మారాడు’ అని ఉంటుంది. కథలో అలా ఉందా? భార్య వెళ్లిపోయిందనుకున్నప్పుడు అతను బాధపడ్డాడు, ఇక సానుల పాట విననని నౌకరుతో అన్నాడు, అంతవరకే ఉంది. మర్నాటి ఉదయం కథలో లేదు. పేరు ‘దిద్దుబాటు’ అంటే దిద్దడం పూర్తయిందనా, మొదలైందనా? ఈ ప్రశ్న వేస్తే గురజాడలో తప్పు పట్టినట్టు కాదు. మా నాన్నగారు కళ్లంలో గుప్పెడు ధాన్యం తీసుకుని అరచేతిలో నలిపి, ఒక గింజ పంటి కింద కొరికి చూసేవారు. తాలు ఎంత, తేమ ఎంత అని తెలుసుకోవడానికే. ఎంత మేలు రకమైనా కొరికే చూసేవారు.

నేపథ్యం గురించి ఒక మాట. ‘రచయిత కాలం, సంఘ పరిస్థితులు’ అని మొదటి రెండు పేజీలు నింపడం నేనూ చేశాను, దండగ. నేపథ్యం మీరు పట్టుకున్న మాటకు అక్కరకొస్తేనే తెండి. నాకు అక్కరకొచ్చింది ఒక్కటే. కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టింది 1874లో. ఆ తర్వాత 36 ఏళ్లకు వచ్చిన కథలో ఒక భార్య తన కోపాన్ని అరిచి చెప్పకుండా, ఏడ్చి చెప్పకుండా, చదువుకున్న భాషలో కాగితం మీద పెట్టింది. ఆమె చేతిలో అక్షరం లేకపోతే ఈ కథే లేదు. ఈ రెండు వాక్యాలు ఉత్తరం గురించి రాసిన పేరాలోనే పెట్టాను, అక్కడే అవి బరువు మోశాయి.

మరో జాగ్రత్త కూడా ఉంది. ఈ కథ రెండు రకాల భాషలో అచ్చయి దొరుకుతుంది. ఒకటి తొలిసారి అచ్చయిన రూపం, మరొకటి తర్వాత వాడుక భాషలోకి మార్చినది. మాటల మీద ఆధారపడి రాస్తున్నప్పుడు మీ దగ్గరున్నది ఏదో చూసుకోవాలి. నేను రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయానికి వెళ్లి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒక మధ్యాహ్నమంతా పట్టింది, ఒక్క నిమిషం కూడా వృథా కాలేదు.

పద్యాల సంగతి అడిగారు. మా తాతయ్య వీధి అరుగు మీద కూర్చుని, వరిచేలు రొయ్యల చెరువులైపోతున్నాయన్న మాట వచ్చినప్పుడల్లా ‘గతకాలము మేలు వచ్చు కాలముకంటెన్’ అనేవారు. అది సామెత అనుకుంటూ పెరిగాను. బీఏలో అది నన్నయ పద్యమని తెలిసింది, మన రాజమహేంద్రవరంలోనే పుట్టిన భారతంలోది.

మతిఁ దలఁపఁగ సంసారం
బతిచంచల మెండమావు లట్టుల సంప
త్ప్రతతు లతిక్షణికంబులు
గతకాలము మేలు వచ్చు కాలముకంటెన్

సంసారం నిలకడ లేనిది, సంపదలు ఎండమావుల్లా క్షణికం, రాబోయే కాలం కంటే గడిచిన కాలమే మేలు అని అర్థం. పాండురాజు పోయాక వ్యాసుడు తల్లి సత్యవతితో అన్న మాట ఇది. తర్వాత ధృతరాష్ట్రుని కొడుకుల క్రూరత్వం గురించి చెబుతాడు. రాబోయే నాశనాన్ని చూడకుండా తపోవనానికి వెళ్లిపొమ్మంటాడు. సత్యవతి కోడళ్లతో కలిసి వెళ్లిపోతుంది. తాతయ్య నోట అది పాతరోజుల మీద బెంగ. వ్యాసుడి నోట అది రాబోయే కాలాన్ని చూసిన కొడుకు హెచ్చరిక. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్న మూడు ప్రశ్నలు వేసేసరికి చిన్నప్పటి నుంచి తెలిసిన పాదం కొత్తదైపోయింది.

నన్నయ తన కవిత్వానికి తానే చెప్పుకున్న గుణాల్లో అక్షరరమ్యత, అంటే అక్షరాల సొగసు, ఒకటి. పరీక్షల్లో ‘ఈ పద్యంలో అక్షరరమ్యత కలదు’ అని రాసి వదిలేస్తాం. ఎక్కడుందో చూపించాలి. ప్రాస వల్ల ప్రతి పాదంలో రెండో అక్షరం తకారం కావాల్సిందే, అది నియమం. కానీ మూడో పాదంలో ‘ప్రతతు లతి’ అని నియమం అడగని తకారాలు కూడా వరుసగా పడ్డాయి, అవి నన్నయ తెచ్చినవి. ఆ పాదం నాలుగు లఘువులతో (పొట్టి అక్షరాలతో) పరుగున మొదలవుతుంది, చెబుతున్నది సంపదల క్షణికత్వం. నాలుగో పాదంలో కా, మే, కా అన్న దీర్ఘాల దగ్గర నడక నెమ్మదిస్తుంది. పైకి చదివితేనే ఇది తెలుస్తుంది, కంటితో చదివితే తెలియదు.

విమర్శకుల వ్యాసాలు తప్పకుండా చదవండి, కానీ మీ మొదటి పేరా రాసుకున్నాకే. రెండో సంవత్సరంలో నేను వరుస తిరగేశాను. ముందు ఒక పెద్ద వ్యాసం చదివి, తర్వాత కావ్యం తెరిస్తే ఆయన చూసినవే కనిపించాయి. నా సొంత చూపు రావడానికి నెలలు పట్టింది.

రాసేటప్పుడు కథను మూడు నాలుగు వాక్యాల్లో ముగించండి, మీ మేడమ్‌గారికి కథ తెలుసు. ‘అద్భుతం’, ‘హృద్యం’ అని చేయి వెళ్లినప్పుడల్లా ఆగి, ఏ మాట వల్ల అలా అనిపించిందో ఆ మాటను ఎత్తి రాయండి. దొరకకపోతే ఆ విశేషణం కొట్టేయండి. మీరనుకున్నదానికి ఎదురు వెళ్లే వాక్యం కథలో కనిపిస్తే దాచవద్దు. నా రెండో పత్రంలో మాస్టారికి బాగా నచ్చింది అదే: ఉత్తరం నిజంగా కోపంతో రాసిందా, మంచం కింద దాక్కుని ఆడిన ఆటలో భాగమా అన్నది నేను తేల్చలేకపోయాను. రెండువైపులా ఉన్న మాటలు చూపించి, ఎటు మొగ్గుతున్నానో, ఎందుకో చెప్పాను.

నా వాక్యాలు మీరు వాడుకోవద్దని వేరే చెప్పనక్కర్లేదు. ‘అయ్యా’ దగ్గర ఆగింది నేను. మీరు ఆగే చోటు వేరే ఉంటుంది. నౌకరు రాముడి మాటల దగ్గర కావచ్చు, గడియారం దగ్గర కావచ్చు, ఆ చివరి నవ్వు దగ్గర కావచ్చు. ఈ రాత్రి గైడు మూసేసి కథను మొదటి నుంచి పైకి చదవండి, గొంతు ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిలుతో చిన్న గీత పెట్టుకోండి. ఆ ముక్క ఇక్కడ రాస్తే శుక్రవారం లోపు నేను చూస్తాను.