సుగ్గికి పోతే ఓటు పోతుందా?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా కోసిగి మండలంలో ఒక పల్లె. ఏటా సంక్రాంతి పండగ కాగానే నేను, నా భార్య, తమ్ముడు, మరదలు గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి, అంటే కూలి వలసకు పోతాం. ఉగాదికి తిరిగి వస్తాం. అమ్మ ఒక్కతే ఇంటి దగ్గర ఉంటుంది. ఈసారి వచ్చాక సచివాలయంలో ఓటర్ల జాబితా చూస్తే అమ్మ పేరు తప్ప మా నలుగురి పేర్లూ లేవు. ఎవరో మా పేర్లు తీసేయమని ఫారం 7 పెట్టారట, ‘షిఫ్ట్ అయ్యారు’ అని రాసుకున్నారట. మేం లేనప్పుడు ఒకాయన వచ్చి మీ వాళ్లు ఎక్కడ అని అడిగి, ఏదో కాగితం మీద అమ్మతో వేలిముద్ర వేయించుకున్నాడంట. అమ్మ ‘సుగ్గికి పోయినారు నాయనా’ అని చెప్పిందంట. పంచాయతీ ఎన్నికలు వస్తే మేం ఓటు వేయగలమా? ‘ఎట్లాగూ మన ఊళ్లో ఏకగ్రీవమే, ఓటుతో పనేముంది’ అని పెద్దమనుషులు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది సార్. ఏం చేయాలో చెప్పండి.

జవాబు: మీ అమ్మ చెప్పిన మాటలోనే మీ కేసు ఉంది. ఆమె ‘సుగ్గికి పోయినారు’ అన్నారు, ‘ఊరు విడిచి పోయినారు’ అనలేదు. సుగ్గికి పోయినవాడు తిరిగి వస్తాడని కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. ఆ కాగితం రాసినాయనకు తెలియకుండా ఉంటుందా? తెలిసీ ‘షిఫ్ట్’ అని రాశాడంటే అది పొరపాటు అనుకోలేం.

చట్టం కూడా మీ అమ్మ మాటే చెబుతుంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 20లో ‘మామూలుగా నివసించడం’ అంటే ఏమిటో ఉంది. ఉన్న ఊరి నుంచి తాత్కాలికంగా వేరే చోటికి పోయినంత మాత్రాన ఆ మనిషి అక్కడి నివాసి కాకుండా పోడని అందులో స్పష్టంగా రాశారు. ఊళ్లో ఇల్లు ఉంటే చాలు, అక్కడ నివాసం ఉన్నట్టే అనుకోవడానికి లేదని కూడా అదే సెక్షన్ అంటుంది. ఈ రెండో మాట మీకు అడ్డం కాదు. సంసారం మొత్తం బెంగళూరుకు మార్చేసి, పిల్లల్ని అక్కడే బడిలో వేసి, ఊళ్లో పాత ఇంటికి తాళం పెట్టుకున్నవాళ్లకు అది వర్తిస్తుంది. రెండు మూడు నెలలు మిరప చేలల్లో గుడిసె వేసుకుని ఉండి తిరిగొచ్చే కూలీకి కాదు.

ఇక తొలగించిన పద్ధతి. ఫారం 7 ఎవరైనా పెట్టవచ్చు, కానీ పెట్టినాయన అదే నియోజకవర్గం ఓటరు అయి ఉండాలి, సంతకం పెట్టాలి, రాసింది నిజమని ఒప్పుకోవాలి. అబద్ధమని తేలితే అదే చట్టం సెక్షన్ 31 కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఫారం అందినంత మాత్రాన పేరు కొట్టేయకూడదు. ఓటర్ల నమోదు అధికారి, అందరూ ఈఆర్ఓ అంటారు, ముందు మీకు నోటీసు పంపాలి. ఫారం 14 అనేది అదే. మీరు చెప్పేది వినాలి. సెక్షన్ 22 ప్రకారం, వేరే చోటికి మారారన్న కారణంతో పేరు తీసేసే ముందు ఆ మనిషికి చెప్పుకునే అవకాశం ఇచ్చి తీరాలి. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. ఇప్పటికే జాబితాలో ఉన్న పేరును ఊరికే అనుమానించడానికి లేదు, ఏ ఆధారంతో తీసేస్తున్నారో ఆ మనిషికి చెప్పాలి అని. మీ నలుగురికీ నోటీసు రాలేదు. మీ అమ్మ వేలిముద్ర నోటీసుకు బదులు కాదు. నలుగురు పెద్దవాళ్ల ఓటు గురించి వాళ్లు లేనప్పుడు మాట్లాడే హక్కు ఆమెకు కూడా లేదు.

ఇలాంటిదే ఒక కేసు కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చింది. ‘షిఫ్ట్’ అనడానికి రుజువుగా ఫైల్లో ఒక ఫొటో పెట్టారు. తలుపుకు తాళం, అంతే. ఆ ఫొటోనే నేను పెద్దది చేయించి చూశాను. గడప మీద పసుపు ఇంకా పచ్చగా ఉంది, పక్కన అరుగు మీద కడిగి బోర్లించిన బిందె ఉంది. ఆ ఇంటి ముసలాయన గొర్రెలు తోలుకుని పొలం పోయిన పూట తీసిన ఫొటో అది. అధికారి ముందు ఆ ఫొటో పెట్టి, ఆ ముసలాయన్నే నిలబెట్టి అడిగించాం. పేర్లు తిరిగి వచ్చాయి, కానీ అప్పటికి ఒక ఎన్నిక దాటిపోయింది. అది నాకు ఇప్పటికీ బాధే. అందుకే మీకు తొందర చేయమని చెబుతున్నాను.

రేపే చేయాల్సిన పని చెబుతాను. నలుగురూ విడివిడిగా ఫారం 6 పెట్టండి. ఫోన్లో ఎన్నికల సంఘం యాప్‌లో పెట్టినా సరే, మీ పోలింగ్ కేంద్రం జాబితా చూసే అధికారికి, అంటే బీఎల్ఓకు ఇచ్చినా సరే, రసీదు నంబరు మాత్రం తప్పకుండా రాసుకోండి. అయితే ఫారం 6 కొత్త ఓటరు కోసం తయారైంది. ఒట్టి ఆ ఫారమే పెడితే మీరు మొదటిసారి నమోదు చేసుకుంటున్నట్టు అవుతుంది, జరిగిన అన్యాయం రికార్డులోకి రాదు. కాబట్టి దాంతోపాటు తెల్లకాగితం మీద ఈఆర్ఓకు ఒక అర్జీ రాయండి. పాత ఓటరు కార్డు నంబరు, వెనకటి జాబితాలో మీ వరుస నంబరు, నోటీసు ఇవ్వకుండా పేరు తీసేశారన్న మాట, సుగ్గికి పోయిన తేదీ, తిరిగొచ్చిన తేదీ రాయాలి. మీది మంత్రాలయం నియోజకవర్గం. తహసీల్దారే సహాయ ఈఆర్ఓగా ఉంటారు కాబట్టి ఆ ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇచ్చినా ఇవ్వనట్టే.

రుజువుల గురించి మీలాంటివాళ్లు బెంగపడతారు, మా దగ్గర ఏం కాగితాలుంటాయి సార్ అని. చాలా ఉంటాయి. ఉపాధి హామీ జాబ్ కార్డులో మీరు ఊళ్లో చేసిన పని దినాలు ఉంటాయి. బియ్యం కార్డు మీ ఊరి చిరునామాతోనే ఉంది. గుంటూరు వైపు ఉన్నప్పుడు అక్కడి డిపోలో బియ్యం తీసుకుని ఉంటే ‘చూడండి, అక్కడికి మారిపోయారు’ అని ఎవరైనా అనవచ్చు. భయపడకండి. ఎక్కడికి పోయినా బియ్యం తీసుకునే వెసులుబాటు పెట్టిందే మీలాంటి వలస కూలీల కోసం, కార్డు చిరునామా మారలేదు కదా. కరెంటు బిల్లు, అమ్మ పింఛను కాగితం పెట్టండి. పిల్లల్ని ఊళ్లోనే సీజనల్ హాస్టల్‌లో వదిలిపెట్టి పోయి ఉంటే బడి హాజరు కాగితం తెచ్చుకోండి. నా అనుభవంలో దానిని మించిన రుజువు లేదు, పిల్లల్ని వదిలి శాశ్వతంగా ఎవరూ పోరు.

ఈఆర్ఓ ఆర్డరు మీద 15 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా న్యాయం జరగకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. మీకు ఆర్డరే అందలేదు కదా, పేరు లేదని ఏ రోజు తెలిసిందో ఆ తేదీ రాసి, అందువల్ల జరిగిన ఆలస్యాన్ని మన్నించమని అప్పీలులోనే అడగండి.

ఫారం 7 ఎవరు పెట్టారో తెలుసుకునే హక్కు మీకుంది. సమాచార హక్కు చట్టం కింద ఆ ఫారం కాపీ, విచారణ రిపోర్టు, మీ అమ్మ వేలిముద్ర వేసిన కాగితం, మీకు నోటీసు పంపినట్టు ఉన్న రుజువు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. మండల ఆఫీసులో ఫీజు ఐదు రూపాయలే, దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్లకు అదీ లేదు. ఆ కాగితాలు చేతికొచ్చాక చూడండి. ఫారం 7 మీద పేరున్నాయన నేను సంతకమే పెట్టలేదు అనడం మామూలే. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో లక్షల్లో ఫారం 7లు వచ్చినప్పుడు అదే జరిగింది, కేసులు కూడా పెట్టారు. అధికారి తప్పు చేసినట్టు తేలితే 1950 చట్టంలోనే సెక్షన్ 32 ఉంది. మూడు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు జైలు, జరిమానా. అయితే ఆ కేసు మీరు నేరుగా వేయలేరు, ఎన్నికల సంఘమో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారో ముందుకు రావాలి. అది జరగని పని అనుకోకండి. మన పక్క అనంతపురం జిల్లాలో ఉరవకొండ నియోజకవర్గం ఓట్ల తొలగింపులో నిబంధనలు పాటించలేదని 2023లో ఎన్నికల సంఘం ఆదేశాల మీద పెద్ద స్థాయి అధికారులే సస్పెండ్ అయ్యారు. ఫిర్యాదు చేసినవాళ్లు కాగితాలు పట్టుకుని పోరాడారు కాబట్టే అది జరిగింది.

పంచాయతీ ఎన్నికల సంగతికి వద్దాం. అసెంబ్లీ ఎన్నికలు చూసేది భారత ఎన్నికల సంఘం, పంచాయతీ ఎన్నికలు చూసేది రాజ్యాంగం 243కె అధికరణం కింద ఏర్పడ్డ రాష్ట్ర ఎన్నికల సంఘం. రెండూ వేరు. కానీ పంచాయతీ జాబితాను కొత్తగా ఇల్లిల్లూ తిరిగి రాయరు, అసెంబ్లీ జాబితానే తీసుకుని వార్డులవారీగా విడగొడతారు. కాబట్టి అసెంబ్లీ జాబితాలో పేరు పోతే సర్పంచ్ ఓటూ పోతుంది. ఏ తేదీ నాటి జాబితా తీసుకుంటారన్నది ఇంకా ముఖ్యం. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు 2019 జాబితానే వాడారు. దాంతో కొత్తగా 18 ఏళ్లు నిండిన సుమారు 3.6 లక్షల మంది ఓటు వేయలేకపోయారు. హైకోర్టుకు పోయినా ఎన్నిక ఆగలేదు. ఆ పాలకవర్గాల ఐదేళ్ల గడువు 2026 వరకే. నోటిఫికేషన్ వచ్చాక చూద్దాంలే అనుకుంటే మీరూ ఆ పిల్లల్లాగే బయట నిలబడాల్సి వస్తుంది.

నోటిఫికేషన్ వచ్చాక కోర్టుకు పోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఎన్నిక మొదలయ్యాక కోర్టులు మధ్యలో చేయి పెట్టవు. 1952లో, మన రాయలసీమ ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, అదే రాష్ట్రంలోని నామక్కల్ నుంచి పొన్నుస్వామి అనే ఆయన తన నామినేషన్ తిరస్కరించారని సుప్రీంకోర్టు దాకా పోయారు. ఎన్నిక అయ్యాక పిటిషన్ వేసుకోవాలే తప్ప మధ్యలో ఆపేది లేదని కోర్టు తేల్చింది. పంచాయతీలకైతే 243-ఓ అధికరణంలో ఆ మాట నేరుగానే రాశారు. సర్పంచ్ ఎన్నికను సవాలు చేయాలంటే ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఎన్నికల ట్రిబ్యునల్‌గా కూర్చునే జూనియర్ సివిల్ జడ్జి దగ్గర పిటిషన్ వేయాలి. పోటీ చేసినాయనే కాదు, ఓటరు కూడా వేయవచ్చు. అయితే అది ఏళ్లు పట్టే పని. ఇప్పుడు ఒక్క రోజు కూలి పోగొట్టుకుని తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడం దానికన్నా వెయ్యి రెట్లు నయం.

ఏకగ్రీవం అంటారా. ఒక్కరే నామినేషన్ వేస్తే, లేదా మిగిలినవాళ్లు ఇష్టపడి విత్‌డ్రా చేసుకుంటే అది చట్టబద్ధమే. నాకు దాని మీద కోపం లేదు. కానీ పోటీ చేయడం, చేయకపోవడం, నామినేషన్ వెనక్కి తీసుకోవడం ఇవన్నీ భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 169 ప్రకారం ఎన్నికల హక్కులే. ఆ హక్కును వాడుకోకుండా డబ్బు ఎర చూపితే సెక్షన్ 170 కింద లంచం, బెదిరిస్తే 171 కింద అనుచిత ఒత్తిడి. రెండింటికీ ఏడాది వరకు జైలు ఉంది. లంచం తీసుకున్నవాడూ నేరస్తుడే. పదవిని వేలం వేసి, ఆ డబ్బు గుడికే ఇస్తున్నాం కదా అంటే, పోటీ మానిపించడానికి పెట్టిన ఎర ఎర కాకుండా పోదు. మీ ఊళ్లో ఏకగ్రీవమే అని పెద్దమనుషులు ముందే చెబుతున్నారంటే, ఎవరినీ అడగకుండానే నిర్ణయం అయిపోయిందన్నమాట. వాళ్లతో గొడవ పడమని మీకు చెప్పను. మీ పేరు మాత్రం జాబితాలోకి తెచ్చుకోండి. చిన్న పంచాయతీల్లో నాలుగు ఓట్లు సర్పంచును మార్చేస్తాయి.

ఒకవేళ పేరు తిరిగి వచ్చి, పోలింగ్ రోజు మీరు పోయేసరికి మీ ఓటు ఎవరో వేసేసి ఉంటే ఊరికే వెనక్కి రాకండి. టెండర్ ఓటు కావాలని ప్రిసైడింగ్ అధికారిని అడగండి. ఆ బ్యాలెట్‌ను కవర్లో వేరుగా పెడతారు, మామూలుగా లెక్కలోకి రాదు గానీ తర్వాత పిటిషన్‌లో పనికొచ్చే రుజువు అదే. అంతకన్నా పెద్ద అక్రమం జరిగితే ఆ కేంద్రంలో రీపోలింగ్ పెట్టే అధికారం రాష్ట్ర ఎన్నికల సంఘానికి ఉంది. 2025 ఆగస్టులో కడప జిల్లా పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నికలో రెండు కేంద్రాల్లో అలా జరిపారు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కోతలకు పోయిన ఊళ్లో ఎవరైనా ‘ఇక్కడ ఓటు రాయిస్తాం, ఆధార్ ఇవ్వండి’ అంటే ఇవ్వకండి. ఒక మనిషికి రెండు చోట్ల ఓటు ఉండకూడదు. అక్కడ పేరు ఎక్కితే ఇక్కడ ‘షిఫ్ట్’ అన్నది నిజమైపోతుంది, మీ కేసు మొత్తం నీరుగారిపోతుంది. ఇప్పటికే ఎక్కడైనా ఎక్కిందేమో నలుగురి పేర్లూ యాప్‌లో వెతికించి చూసుకోండి. అనుమానం ఉంటే ఓటర్ల హెల్ప్‌లైన్ నంబరు 1950కి ఫోన్ చేసి అడగండి.

వచ్చే సంక్రాంతికి మళ్లీ పోతారు కాబట్టి పోయే ముందు జాబితాలో మీ పేర్లున్న పేజీ ప్రింటు తీయించి అమ్మకు ఇవ్వండి. మీ ఫోన్ నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఎవరొచ్చి అడిగినా ‘సుగ్గికి పోయినారు, ఉగాదికి వస్తారు’ అని రెండు ముక్కలూ చెప్పమనండి. కాగితం ఇస్తే తీసుకుని మీకు ఫోన్ చేయించమనండి. మీకు చదివి వినిపించకుండా దేని మీదా వేలిముద్ర వేయవద్దని చెప్పి పోండి.